నీడిల్ టైమ్ పుణ్యమా అని...

యంగ్ మార్బుల్ జెయింట్స్ అని ఒక బ్యాండు ఉండేది. 1978లో వేల్స్ రాజధాని కార్డిఫ్‌లో పుట్టింది, 1980 చివరికల్లా దుకాణం కట్టేసింది. ముగ్గురు మనుషులు, ఒక ఎల్పీ, రెండు మూడు చిన్న రికార్డులు, అంతే. టాప్ టెన్ మొహం ఎప్పుడూ చూడలేదు. మామూలుగా అయితే ఇలాంటి బ్యాండుని ఇప్పుడు ఎవరూ తలుచుకోకూడదు. కానీ ఇన్నేళ్ళ తర్వాత కూడా వాళ్ళ పాటలు అచ్చవుతూనే ఉన్నాయి, కొత్త పిల్లలు వెతుక్కుని మరీ వింటున్నారు. దానికి సగం కారణం వాళ్ళ పాటలు. మిగతా సగంలో చాలా భాగం రేడియోది.

ఈ టపా ఆ రేడియో గురించి. ముందే చెప్పేస్తున్నా, ఈ కథలో హీరో ఆ బ్యాండు కాదు, బాగా పేరున్న ఆ రేడియో పెద్దమనిషీ కాదు. హీరో ఒక రూలు. అది కూడా రేడియోలో రికార్డులు ఎక్కువగా వెయ్యకుండా ఆపడానికి పెట్టిన రూలు! "ఇది బగ్గు కాదండీ, ఫీచరు" అని క్లయింటుకి నచ్చజెప్పే వృత్తిలో ఉన్నాం కాబట్టి మనకి ఈ కథ తొందరగానే ఎక్కుతుందని నా నమ్మకం :)

ముందు బ్యాండు సంగతి చూద్దాం.

స్టువర్ట్ మోక్సమ్, ఫిలిప్ మోక్సమ్ అన్నదమ్ములు. స్టువర్ట్ గిటారు, ఆర్గాన్ వాయిస్తాడు, పాటల్లో ఎక్కువ భాగం రాసిందీ అతనే. ఫిలిప్‌ది బేస్ గిటారు. పాడే అమ్మాయి అలిసన్ స్టాటన్. బ్యాండు పేరు, ఎల్పీ పేరు (కొలోసల్ యూత్) రెండూ ప్రాచీన గ్రీకు శిల్పాల మీద రాసిన పుస్తకంలోంచి ఏరుకున్నవి. పేర్లలో ఇంత పాలరాయి, ఇంత భారీతనం ఉందా, పాటలు వింటే మాత్రం పక్క గదిలో ఫ్రిజ్ చప్పుడు కూడా వినిపించేంత నెమ్మదిగా ఉంటాయి.

డ్రమ్మర్ లేడు. నాకు ఈ బ్యాండు మీద మొదట ఆసక్తి కలిగించింది ఇదే. మోక్సమ్‌ల బంధువు ఒకాయన టెలిఫోన్ ఇంజినీరు. ఎలక్ట్రానిక్స్ పత్రికలో వచ్చిన సర్క్యూట్ చూసుకుని ఇంట్లో సొంతంగా సింథసైజర్ తయారు చేసిన ఘనుడు. (ఫైనలియర్ ప్రాజెక్టు అమీర్‌పేటలో కొనుక్కొచ్చిన మా బ్యాచ్ వాళ్ళు ఇక్కడ కాసేపు మౌనం పాటించగలరు.) ఆయన డ్రమ్ మెషీన్ కొట్టే తాళాన్ని కేసెట్ మీదకి ఎక్కించి, కచేరీలో ఆ కేసెట్ పెట్టి ప్లే బటన్ నొక్కేవాళ్ళు. మిగిలిన ముగ్గురూ దానితో కలిపి వాయించేవాళ్ళు. మనిషి డ్రమ్మర్ అయితే సైగ చేస్తే ఆగుతాడు, మీరు తడబడితే సర్దుకుంటాడు. కేసెట్ సర్దుకోదు కదా. అందుకే వాళ్ళ పాటల్లో అంత పొదుపు ఉందేమో అనిపిస్తుంది. గిటారు తీగల మీద అరచెయ్యి ఆనించి టక్ టక్‌మని వాయించడం, బేస్ గిటారే ఒక్కోసారి రాగం నడపడం, వెనకాల టిక్కు టిక్కుమని మెషీను, ఆ పైన పని చేసుకుంటూ తనలో తను పాడుకుంటున్నట్టు అలిసన్ గొంతు. అంతకు మించి ఏమీ ఉండదు.

అప్పటి పరిస్థితి గుర్తు చేసుకుంటే ఇది ఎంత తెగువో అర్థమవుతుంది. 1976-77లో బ్రిటన్‌లో పంక్ వచ్చింది. గట్టిగా, వేగంగా, కోపంగా వాయించడమే కొత్తదనం. ఆ గోల మధ్యలో గొంతు తగ్గించి పాడటమంటే, పెళ్ళి ఊరేగింపులో బ్యాండు మేళం పక్కన నిలబడి వేణువు ఊదడం లాంటిది.

అయితే పంక్ వీళ్ళకి ఒక పెద్ద మేలు చేసింది. రికార్డు వెయ్యాలంటే లండన్‌లోని పెద్ద కంపెనీ గడప తొక్కాలన్న భ్రమని పోగొట్టింది. 1977 జనవరిలో మాంచెస్టర్ బ్యాండు బజ్‌కాక్స్ ఓ 500 పౌండ్లు అప్పు తెచ్చుకుని స్పైరల్ స్క్రాచ్ అనే చిన్న రికార్డుని సొంతంగా వేసుకుంది. అది అమ్ముడుపోయేసరికి ఊరూరా కుర్రాళ్ళు మేమూ వేస్తామని మొదలెట్టారు. ఇలా వచ్చిన రికార్డులని దుకాణాలకి చేర్చే యంత్రాంగం కూడా నెమ్మదిగా తయారైంది. అందులో ముఖ్యమైనది రఫ్ ట్రేడ్. 1976లో పశ్చిమ లండన్‌లో జెఫ్ ట్రావిస్ పెట్టిన రికార్డుల షాపు అది. 1978 నుంచి తనే రికార్డులు వెయ్యడం మొదలుపెట్టింది. లాభం వస్తే బ్యాండుకి సగం, కంపెనీకి సగం. అప్పటి పెద్ద కంపెనీల కాంట్రాక్టులతో పోలిస్తే ఇది కలలో మాటే.

ఇక్కడ చిన్న పిడకల వేట. ఇప్పుడు ఇండీ అంటే ఒక రకం సంగీతం, ఒక రకం గడ్డం, ఒక రకం కాఫీ అన్నట్టు తయారైంది. మొదట్లో అది సంగీతానికి సంబంధించిన మాటే కాదు. 1980 జనవరిలో బ్రిటన్‌లో ఇండిపెండెంట్ చార్టు అని వేరే పట్టిక మొదలుపెట్టారు. అందులోకి రావాలంటే రికార్డు ఎలా వినిపిస్తోందో ఎవరికీ అనవసరం. పెద్ద కంపెనీల పంపిణీ వ్యవస్థ ద్వారా కాకుండా బయటి దారిలో షాపుకి చేరి ఉండాలి, అంతే. అంటే ఇండీ అనేది నిజానికి సప్లై చెయిన్‌కి పెట్టిన పేరు!

సరే, మళ్ళీ కార్డిఫ్. 1979లో అక్కడి బ్యాండులు కొన్ని కలిసి ఈజ్ ది వార్ ఓవర్ అనే పేరుతో ఒక సంకలనం వేసుకున్నాయి. అందులో వీళ్ళ పాటలూ ఉన్నాయి. అవి రఫ్ ట్రేడ్ చెవిన పడ్డాయి, ఎల్పీ చేస్తారా అని అడిగారు. వేల్స్‌లోనే వెల్ష్‌పూల్ అనే ఊరి దగ్గరున్న ఫోయెల్ స్టూడియోలో అయిదు రోజుల్లో పదిహేను పాటలు రికార్డు చేసేశారు. 1980 ఫిబ్రవరిలో కొలోసల్ యూత్ విడుదలైంది. మొత్తం కలిపినా నలభై నిమిషాల లోపే.

రికార్డు తయారైంది, షాపుకి చేరే దారీ ఉంది. మరి కొనేవాడికి ఇలాంటిదొకటి ఉందని తెలిసేదెలా? సంగీత పత్రికలు సమీక్షలు రాస్తాయి, నిజమే. కానీ ఈ పాటల గురించి చదివి ఏం తెలుస్తుంది? "చాలా తక్కువ వాయిస్తారు, మెల్లగా పాడతారు" అని చదివితే ఎవడైనా డబ్బులు పెట్టి కొంటాడా? ఇది వినాల్సిందే. ఎవరో ఒకరు వినిపించాల్సిందే.

ఇక్కడ మన హీరో రంగప్రవేశం చేస్తాడు. కాస్త వెనక్కి వెళ్ళాలి.

బ్రిటన్‌లో రేడియో అంటే చాలాకాలం బీబీసీ ఒక్కటే. రేడియోలో రోజంతా రికార్డులే వేస్తే రెండు నష్టాలని అప్పట్లో భయపడ్డారు. ఒకటి, ఉచితంగా వినేవాడు రికార్డు ఎందుకు కొంటాడని కంపెనీల బాధ. రెండోది, రికార్డు తిరుగుతూ ఉంటే వాద్యగాళ్ళకి పని ఎక్కడుంటుందని వాళ్ళ సంఘం, అంటే మ్యుజీషియన్స్ యూనియన్, బాధ. ఇద్దరూ గట్టివాళ్ళే. దాంతో బీబీసీ ఒక ఒప్పందానికి కట్టుబడాల్సి వచ్చింది. రికార్డులు వెయ్యడానికి ఇన్ని గంటలే అని పరిమితి. దాని పేరే నీడిల్ టైమ్, అంటే రికార్డు మీద సూది ఆనే సమయం. ఈ పద్ధతి దశాబ్దాల పాటు నడిచింది, 1988లో గానీ పోలేదు.

మరి మిగతా గంటలు ఏం చెయ్యాలి? మనుషుల్ని పిలిపించి వాయించాలి. మన ఆకాశవాణి స్టూడియోలో లలిత సంగీతం రికార్డు చేసినట్టే అనుకోండి. బీబీసీ సొంతంగా ఆర్కెస్ట్రాలని పోషించింది, హిట్టు పాటలని వాటితో మళ్ళీ వాయించి వినిపించింది. బీటిల్స్ అంతటివాళ్ళు కూడా 1962-65 మధ్య బీబీసీ కోసం 88 వేర్వేరు పాటలు వాయించారు. అందులో చాలా పాటలు వాళ్ళు మామూలు రికార్డుల్లో ఎప్పుడూ పాడనివి. పోనీ పిలిస్తే అందరూ వెళ్ళిపోవచ్చా అంటే, అదీ లేదు. పరీక్ష ఉండేది. 1965లో డేవిడ్ బోవీ తన బ్యాండుతో వెళితే పనికిరారు పొమ్మన్నారు. (ఇంటర్వ్యూలో రిజెక్టయిన వాళ్ళందరూ ఈ వాక్యం ప్రింటు తీసి గోడకి అతికించుకోవచ్చు.)

కుర్రకారుకి ఈ ఆర్కెస్ట్రా నకళ్ళు నచ్చలేదు. ఎందుకు నచ్చుతాయి? 1964లో రేడియో కెరోలైన్ వచ్చింది. తీరానికి దూరంగా, చట్టం అందని నీళ్ళలో ఓడ నిలబెట్టి అందులోంచి ప్రసారం. అక్కడ ఒప్పందాలూ లేవు, పరిమితులూ లేవు, రోజంతా రికార్డులే. దాని వెనకే ఇంకొన్ని ఓడలు. 1967 ఆగస్టులో ప్రభుత్వం చట్టం చేసి వీటి నోరు నొక్కింది. ఆ ఖాళీ నింపడానికి 1967 సెప్టెంబరు 30న బీబీసీ రేడియో 1 మొదలైంది. దొంగ రేడియోల్లో పనిచేసిన కుర్రాళ్ళనే తెచ్చి ఇందులో పెట్టుకున్నారు. వాళ్ళలో ఒకడు జాన్ పీల్. రేడియో లండన్ ఓడ మీద అర్ధరాత్రి కార్యక్రమం నడిపి, శ్రోతల చేత ఉత్తరాలు రాయించుకున్నవాడు.

అలా ఓడ దిగి వచ్చాడు గానీ, బీబీసీలో నీడిల్ టైమ్ అలాగే ఉంది. ఉన్న కాస్త రికార్డు సమయాన్నీ పగటి కార్యక్రమాలు పీల్చేసుకుంటాయి. రాత్రి కార్యక్రమం నడిపేవాడు తన రెండు గంటలనీ రికార్డులతో నింపలేడు. కాబట్టి బ్యాండులని పిలిచి స్టూడియోలో రికార్డు చేయించాలి. పీల్ సెషన్ అనే మహా ఘనమైన సంప్రదాయం పుట్టింది ఈ ఇరకాటంలోంచి. మా కళాభిమానంతో మొదలుపెట్టాం అని బీబీసీ చెప్పుకోవడానికి అవకాశమే లేదు.

కానీ ఇరకాటం అందరికీ ఒకటే. దాన్ని వాడుకున్న తీరు వేరు. మిగతా కార్యక్రమాలు ఆ ఖాళీలో పేరున్న వాళ్ళనీ, చెప్పిన మాట వినే వాళ్ళనీ పిలిచేవి. పీల్, అతని ప్రొడ్యూసర్ జాన్ వాల్టర్స్ మాత్రం ఆ ఖాళీని ఊరూపేరూ లేని వాళ్ళకి ఇచ్చారు. వాల్టర్స్ స్వయంగా ట్రంపెట్ వాయించి పొట్ట పోసుకున్న మనిషి. ఇద్దరూ కలిసి 1969 నుంచి ఇరవై ఏళ్ళకు పైగా ఇదే పని చేశారు. దేశం నలుమూలల నుంచీ కేసెట్లు, రికార్డులు పోస్టులో వచ్చి పడేవి. వినేవాళ్ళు. నచ్చితే వేసేవాళ్ళు, ఇంకా నచ్చితే సెషన్‌కి రమ్మనేవాళ్ళు.

పీల్ పేరు చెప్పగానే అందరూ చెప్పే కథ అండర్‌టోన్స్‌ది. ఉత్తర ఐర్లండ్‌లో, బాంబులూ సైనికుల మధ్య నలిగిపోతున్న డెర్రీ పట్నం కుర్రాళ్ళు. వాళ్ళ టీనేజ్ కిక్స్ పాటని పీల్ 1978 సెప్టెంబరులో ఒక రాత్రి వేసి, అయిపోగానే వెంటనే మళ్ళీ వేశాడు. కొన్ని వారాల్లోనే పెద్ద కంపెనీ ఒప్పందం, టీవీలో టాప్ ఆఫ్ ది పాప్స్, చార్టులో 31వ స్థానం. చెప్పుకోవడానికి ఎంతో బాగుంటుంది. సినిమాకి పనికొచ్చే కథ.

నాకు మాత్రం రేడియో మద్దతు అంటే ఏంటో అర్థం కావాలంటే యంగ్ మార్బుల్ జెయింట్స్ కథే మేలనిపిస్తుంది. ఎందుకంటే ఇక్కడ హిట్టు రాలేదు. హిట్టు వచ్చిన చోట, రేడియో ఏం చేసిందో హిట్టు మింగేస్తుంది. రాని చోట, చేసింది ఉన్నదున్నట్టు కనిపిస్తుంది.

ఏం చేసింది? 1980 ఆగస్టులో వాళ్ళని సెషన్‌కి పిలిచింది.

సెషన్ అంటే ఏంటో కాస్త వివరంగా చెప్పుకుందాం. ఎక్కువ సెషన్లు లండన్‌లోని మైడా వేల్ స్టూడియోలలో జరిగేవి. ఆ భవనం 1909లో రోలర్ స్కేటింగ్ కోసం కట్టింది. 1930లలో బీబీసీ దాన్ని స్టూడియోలుగా మార్చుకుంది. బ్యాండు మధ్యాహ్నానికి సామాను దింపుకుంటుంది. బీబీసీ జీతం తీసుకునే అనుభవజ్ఞులైన ఇంజినీర్లు, ప్రొడ్యూసర్ ఉంటారు. మామూలుగా నాలుగు పాటలు. వాయించడం, పైన అవసరమైనవి అతికించడం, మిక్సింగు, అన్నీ ఆ రోజు రాత్రికే అయిపోవాలి. రేపు అనేది లేదు. విచిత్రం ఏంటంటే పీల్ సాధారణంగా అక్కడ ఉండేవాడు కాదు. జోక్యం చేసుకోవడం ఇష్టం లేక. తర్వాత రేడియోలో వేసేటప్పుడు శ్రోతలతో పాటే వినేవాడు.

అన్నిటికన్నా ముఖ్యం, డబ్బులిచ్చేవాళ్ళు. యూనియన్ నిర్ణయించిన రేటు ప్రకారం. వాద్యగాళ్ళ పొట్ట కొట్టకూడదని యూనియన్ ఎప్పుడో పట్టుబట్టిన రూలు, ఆ యూనియన్ పెద్దలు కలలో కూడా ఊహించని డ్రమ్మర్ లేని బ్యాండుకి, కేసెట్‌తో తాళం వేసుకునే బ్యాండుకి, ఒక రోజు కూలీ ఇప్పించింది. వాద్యగాళ్ళ ఉద్యోగాలు కాపాడటానికి పెట్టిన రూలు, వాద్యగాడి బదులు మెషీను పెట్టుకున్న వాళ్ళని కాపాడింది! చరిత్రకి హాస్యప్రియత్వం లేదని ఎవరన్నారు?

ఆ సెషన్‌లో వీళ్ళు అయిదు పాటలు చేశారు, మామూలు కన్నా ఒకటి ఎక్కువే. ఎల్పీకి అయిదు రోజుల్లో పదిహేను పాటలంటే రోజుకి మూడు. ఆ లెక్కన బీబీసీలో ఇంకా వేగంగా పనిచేశారన్నమాట. వాళ్ళ దగ్గర అనవసరమైనది ఏదీ లేకపోవడం ఇక్కడ కలిసొచ్చింది.

ఆ అయిదు పాటల్లో ఒకటి ఫైనల్ డే. దాని గురించి చెప్పకుండా ముందుకెళ్ళలేను. 1980 మధ్యలో విడుదలైన పాట, రెండు నిమిషాలు కూడా ఉండదు. విషయం అణుయుద్ధం. ప్రపంచం ముగిసిపోయే రోజు. ఆ ఏడాది బ్రిటన్ ఎలా ఉందో చూడండి. 1979 డిసెంబరులో అమెరికా క్రూయిజ్ క్షిపణులని యూరప్‌లో పెట్టాలని నాటో నిర్ణయించింది. అదే నెలలో సోవియట్ సేనలు అఫ్ఘనిస్తాన్‌లోకి దిగాయి. 1980 మే నెలలో బ్రిటన్ ప్రభుత్వం ప్రొటెక్ట్ అండ్ సర్వైవ్ అనే చిన్న పుస్తకాన్ని అమ్మకానికి పెట్టింది. బాంబు పడితే తలుపులు ఊడదీసి గోడకి ఏటవాలుగా ఆనించి ఆ కింద ఎలా దాక్కోవాలో, ఇంట్లో ఎవరైనా చనిపోతే ఏం చెయ్యాలో అందులో ఉంది. గ్యాస్ సిలిండర్ మార్చడం ఎలా అని చెప్పినంత మామూలుగా!

ఇలాంటి విషయం మీద పాట అంటే ఎవరైనా సైరన్లు మోగిస్తారు, గుండెలు బాదుకుంటారు. వీళ్ళు అదేమీ చెయ్యలేదు. ఆర్గాన్ మీద ఒకే ఒక్క సన్నటి స్వరం మొదటి నుంచి చివరి దాకా చెవిలో జోరీగలా ఉంటుంది. దాని మీద అలిసన్ ఎప్పటిలాగే నిదానంగా, ఏ ఆవేశమూ లేకుండా పాడేసి వెళ్ళిపోతుంది. ఆ నిదానమే భయం పుట్టిస్తుంది. ఇప్పుడు ఒక్కసారి ఊహించండి. 1980, వేసవి రాత్రి పది దాటింది. దేశంలో ఎక్కడెక్కడో, పరీక్షలకి చదువుకుంటున్న పిల్లలు, రాత్రి డ్యూటీ చేసేవాళ్ళు, లారీ డ్రైవర్లు, చీకటి గదుల్లో ఒంటరిగా రేడియో వింటున్నారు. ప్రభుత్వం పుస్తకం అమ్మిన విషయం మీదే, ప్రభుత్వ చార్టరు మీద నడిచే రేడియోలో, కార్డిఫ్ అమ్మాయి ఒకతె గొంతు పెంచకుండా పాడుతోంది. నా దృష్టిలో ఆ సంస్థ తన లైసెన్సు ఫీజుకి న్యాయం చేసిన రెండు నిమిషాలు అవి.

తర్వాత ఏమైంది? చెప్పాను కదా, దుకాణం కట్టేశారు. ఆ నవంబరులో అమెరికా వెళ్ళి కచేరీలు చేశారు. వాళ్ళ మధ్య పొసగడం కష్టమైంది, విడిపోయారు. 1981లో టెస్ట్‌కార్డ్ అని పాట లేని వాద్య సంగీతంతో ఒక చిన్న రికార్డు వచ్చింది. అప్పట్లో టీవీలో కార్యక్రమాలు లేనప్పుడు తెర మీద ఒక బొమ్మ పెట్టి, వెనకాల తేలికపాటి సంగీతం వేసేవాళ్ళు కదా, దాని మీద అభిమానంతో చేసింది. బ్యాండు అయిపోయాక, కార్యక్రమం అయిపోయాక వచ్చే సంగీతం పేరు పెట్టడం యాదృచ్ఛికమే అయినా భలే కుదిరింది.

స్టువర్ట్ ది జిస్ట్ అనే పేరుతో, అలిసన్ వీకెండ్ అనే బ్యాండుతో కొంతకాలం కొనసాగారు. కానీ అసలు బ్యాండు మాత్రం బయటికి కనబడకుండా బతికే ఉంది. ఇంట్లో రేడియో ముందు కేసెట్ రికార్డర్ పెట్టి, పాజ్ బటన్ మీద వేలు పెట్టుకుని పీల్ కార్యక్రమాన్ని రికార్డు చేసుకునే జనం ఆ రోజుల్లో కోకొల్లలు. ఆ కేసెట్లు చేతులు మారాయి. అమెరికాలో నిర్వాణా కర్ట్ కొబేన్ తనకి బాగా ఇష్టమైన ఆల్బంలు రాసుకున్న జాబితాలో కొలోసల్ యూత్ ఉంది. గోడలు బద్దలయ్యేలా అరిచే మనిషికి ఈ గుసగుసలు అంత ఇష్టం! 1994లో హోల్ బ్యాండు వీళ్ళ పాటని, క్రెడిట్ ఇన్ ది స్ట్రెయిట్ వరల్డ్‌ని, తమ ఆల్బంలో పాడింది. 2003లో బెల్ అండ్ సెబాస్టియన్ ఫైనల్ డే పాడారు. 2007లో డొమినో కంపెనీ ఎల్పీని మళ్ళీ వేసినప్పుడు పీల్ సెషన్ మొత్తాన్నీ జత చేసింది. అంటే ఆ ఒక్క రోజు పని, బ్యాండు మిగిల్చిన ఆస్తిలో శాశ్వతంగా భాగమైపోయింది. 2015లో డేవిడ్ బర్న్ పిలుపు మీద లండన్ మెల్ట్‌డౌన్ ఉత్సవంలో మళ్ళీ కలిసి వాయించారు.

ఇలాంటి సెషన్లు మొత్తం నాలుగు వేలకి పైగా జరిగాయి, రెండు వేలకి పైగా కళాకారులతో. ది ఫాల్ అనే బ్యాండు ఒక్కటే 24 సార్లు వచ్చింది. మనవాళ్ళు ఒక్కసారే వచ్చారు. ఆ ఒక్కసారి చాలింది.

ఇంతవరకూ పొగిడాను కాబట్టి, కాస్త అటువైపు కూడా చూడాలి. ఈ వ్యవస్థ అంత గొప్పదేం కాదు. దేశం మొత్తానికి కొత్త సంగీతాన్ని వినిపించే బాధ్యత దాదాపు ఒక్క మనిషి అభిరుచి మీద ఆధారపడటమంటే, మన భాషలో సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్. పీల్‌కి నచ్చని బ్యాండుకి రేడియో 1లో ఇంకో తలుపు దొరకడం కష్టం. పోస్టులో వచ్చిన కేసెట్లన్నీ ఇద్దరు మనుషులు వినడం సాధ్యమూ కాదు. పైగా బీబీసీ తొలినాళ్ళ సెషన్ టేపులని చాలావాటిని చెరిపేసింది, టేపు మళ్ళీ వాడుకోవచ్చని! బ్యాకప్ లేకుండా ప్రొడక్షన్ డేటాబేసు మీద చెయ్యి వేసిన మహానుభావులు మన వృత్తిలోనే ఉన్నారనుకుంటే పొరపాటు. 2004 అక్టోబరులో పెరూ పర్యటనలో పీల్ గుండెపోటుతో పోయాక, ఆ స్థానంలో సరిగ్గా అలాంటి ఇంకొకరు రాలేదు. రావడానికి వీలు కల్పించిన ఖాళీయే అప్పటికి లేదు.

నా అసలు పాయింటు ఈ ఖాళీయే. అందరూ పీల్ అభిరుచి గొప్పది అంటారు. గొప్పదే. కానీ అభిరుచి ఉన్నవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. వాళ్ళకి లేనిది తప్పనిసరిగా నింపి తీరాల్సిన ఒక ఖాళీ, ఆ ఖాళీకి కేటాయించిన డబ్బు, ఆ సమయంలో ఎంతమంది వింటున్నారని రోజూ లెక్క అడగని పై అధికారులు. నీడిల్ టైమ్ ఖాళీని ఇచ్చింది. లైసెన్సు ఫీజు డబ్బు ఇచ్చింది. రాత్రి పది తర్వాత ఏం జరిగినా పగటి రేటింగులకి ఢోకా లేదు కాబట్టి పై అధికారులూ పట్టించుకోలేదు. ఈ మూడూ కలిసిన చోట ఒక మంచి చెవి ఉన్న మనిషి కూర్చున్నాడు. మూడిట్లో ఏ ఒక్కటి లేకపోయినా కార్డిఫ్ ముగ్గురికి ఆగస్టులో ఆ రోజు ఉండేది కాదు.

ఇప్పటి పరిస్థితి దీనికి పూర్తిగా తలకిందులు. ఏ పాటనైనా, ఏ బ్యాండైనా, ఏ ఊరి నుంచైనా ప్రపంచానికి వినిపించేలా పెట్టుకోవచ్చు. పరిమితి లేదు, సూది లేదు, గంటలు లేవు. రికమెండేషన్ ఇంజిన్ల మీద పనిచేసేవాళ్ళు ఈ టపా చదివేవాళ్ళలోనే కొందరు ఉంటారు, వాళ్ళకి నేను చెప్పేదేముంది. మీరు ఇంతకుముందు విన్నదాన్ని బట్టి, మీలాంటివాళ్ళు విన్నదాన్ని బట్టి తర్వాతి పాట వస్తుంది. ఎవరూ వినని పాటకి డేటా లేదు, డేటా లేదు కాబట్టి ఎవరికీ చూపించదు. కోల్డ్ స్టార్ట్ ప్రాబ్లం అని దానికి మనం పేరు కూడా పెట్టుకున్నాం. పైగా 2024 నుంచి స్పాటిఫైలో ఏడాదిలో కనీసం వెయ్యి సార్లు వినబడని పాటకి రికార్డింగు రాయల్టీ లెక్కలోకే రాదు. ఎవరూ వినకముందే కూలీ ఇచ్చిన పద్ధతికీ, వెయ్యి సార్లు వినబడ్డాక గానీ లెక్క తెరవని పద్ధతికీ తేడా చూడండి.

అల్గారిథం చెడ్డదని నేను అనట్లేదు. నేను విన్న సగం మంచి పాటలు దాని దయే. నా బాధల్లా దానికి ఇరకాటం లేకపోవడమే. తప్పనిసరిగా తెలియనివాళ్ళతో నింపాల్సిన గంట దానికి లేదు. ఆ గంట ఉంటే అది కూడా ఏదో ఒకటి నేర్చుకునేది. ప్రతి వందో పాటా ఎవరూ వినని పాటే అయి తీరాలి, ఆ పాట చేసినవాళ్ళకి వినే ముందే డబ్బు ఇవ్వాలి అని ఎవరైనా రూలు పెట్టారనుకోండి. ప్రోడక్ట్ మేనేజర్లు ఘొల్లుమంటారు, ఎంగేజ్‌మెంట్ గ్రాఫు పడిపోతుంది. నీడిల్ టైమ్ గురించి కూడా అందరూ అలాగే ఘొల్లుమన్నారు మరి. 1988లో అది పోయినప్పుడు పండగ చేసుకున్నారు కూడా.

అన్నట్టు, ఆ మైడా వేల్ భవనాన్ని బీబీసీ అమ్మేసింది. 2023లో దాన్ని కొన్నది ఎవరో తెలుసా? హాన్స్ జిమ్మర్, ఇంకొందరు భాగస్వాములతో కలిసి. స్టూడియోగానే ఉంచుతామన్నారు, సంతోషం. కాకపోతే ఇకమీదట అక్కడ సినిమాలకి మహా గంభీరమైన నేపథ్య సంగీతం వినిపిస్తుందేమో. కేసెట్ పట్టుకుని వచ్చిన ముగ్గురికి ఎవరు తలుపు తీస్తారో చూడాలి.

ఈ వారాంతం ఓ నలభై నిమిషాలు దొరికితే కొలోసల్ యూత్ వినండి. హెడ్‌ఫోన్లు పెట్టుకుని, వాల్యూమ్ పెంచకుండా. మొదటి రెండు పాటలకి "ఇదేంటి, ఇంకా పూర్తి చెయ్యని పాటల్లా ఉన్నాయి" అనిపిస్తే కంగారు పడొద్దు. మూడో పాటకి అలవాటవుతుంది. తర్వాత సెషన్ కూడా వినండి. ఒక్క రోజులో, ఎవరో కూలీ ఇస్తే చేసిన అయిదు పాటలు అవి. విన్నాక, మీకు మాత్రమే తెలిసిన, పట్టుమని పాతికమంది కూడా వినని బ్యాండు ఏదైనా ఉంటే పేరు చెప్పండి. వింటాను. నచ్చితే రెండుసార్లు వింటాను.